గాజు పడవలు ఆగిపోయిన నది

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టాలహాసీ. ఆ నగరానికి దక్షిణంగా 22 కిలోమీటర్ల దూరంలో వకల్లా నది పుడుతుంది. కొండవాగులు ఒకదానితో ఒకటి కలిసి పెరిగి పెద్దదైన నది కాదది. నేలలో నోరు తెరుచుకున్న ఒక పెద్ద గుండంలోంచి, పుట్టిన చోటే నిండు ప్రవాహమై బయటికొస్తుంది. సగటున సెకనుకు 11,000 లీటర్ల నీరు ఆ ఊటలోంచి ఉబుకుతుందని పాత లెక్క. 1973 ఏప్రిల్‌లో అది సెకనుకు 54,000 లీటర్ల దాకా వెళ్ళింది. ఎండాకాలమైనా చలికాలమైనా నీటి వేడి 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అక్కణ్ణుంచి 14 కిలోమీటర్లు నడిచి, సెయింట్ మార్క్స్ నదిలో కలిసి, మెక్సికో గల్ఫ్‌లోకి పోతుంది.

ఇంత చిన్న నది దేశపటంలో కంటికి ఆనదు. అయినా నీటి తేటదనం తగ్గితే ఆ నదిని నమ్ముకున్న పర్యాటకానికి ఏమవుతుందో అర్థం చేసుకోవాలంటే వకల్లాను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఇక్కడికి జనం తరతరాలుగా వచ్చింది నది లోపలికి చూడటానికి. ఆ చూపు ఎలా మసకబారిందో, ఆ మసక ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకుతూ పోతే భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, మురుగునీటి లెక్కలు, సముద్రమట్టం అన్నీ ఒకదాని వెంట ఒకటి తగులుతాయి.

ముందు ఆ చూపు ఎలాంటిదో చెప్పాలి. గుండం మీద పడవ నిలిపితే 36 మీటర్ల లోతున అడుగు కనిపించేది. అంటే పన్నెండంతస్తుల మేడ ఎత్తు. ఇంకా కిందికి, 55 మీటర్ల లోతుకు గుహ చీకట్లోకి దిగిపోతుంది. పడవ అడుగున చెక్కకు బదులు గాజు పలకలు బిగించి, చుట్టూ బల్లలు వేసి, సందర్శకుల్ని కూర్చోబెట్టి తిప్పేవారు. కింద చేపల గుంపులు, సున్నపురాయి అంచులు, తెల్లని ఇసుక, ఏనుగు జాతికి చెందిన మాస్టోడాన్ ఎముకలు. 19వ శతాబ్దంలోనే జనం కంటపడ్డ ఆ ఎముకల్లోంచి 1930లో రాష్ట్ర భూగర్భశాస్త్రజ్ఞుడు హెర్మన్ గంటర్ దాదాపు పూర్తి అస్థిపంజరాన్ని వెలికితీయించాడు. ఇప్పుడది టాలహాసీలోని ఫ్లోరిడా చరిత్ర మ్యూజియంలో నిలబడి ఉంది.

1934లో ఎడ్వర్డ్ బాల్ అనే సంపన్నుడు ఆ ప్రాంతాన్ని కొని, 1937లో ఒడ్డున అతిథిగృహం తెరిచాడు. సినిమావాళ్ళు వచ్చారు. 1941లో టార్జాన్ చిత్రం ఒకటి, 1954లో విడుదలైన నీటిభూతం కథ ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’లోని నీటి అడుగు దృశ్యాలు ఇక్కడే తీశారు. ఆ రోజుల్లో నీళ్ళలో కెమెరా పెట్టి తీయాలంటే దీపాల కంటే ముందు కావలసింది తేట నీరు. సినిమావాళ్ళను ఇక్కడికి రప్పించిన ఈతగాడు న్యూట్ పెరీ, 1947లో ఇదే రాష్ట్రంలో వీకీ వాచీ ఊట దగ్గర మత్స్యకన్యల ప్రదర్శన మొదలుపెట్టాడు. ఇక సిల్వర్ స్ప్రింగ్స్ అనే మరో ఊటలో గాజు పడవలు 1870ల నుంచే ఉన్నాయి. ఫ్లోరిడా అంటే ఇప్పుడు మనకు గుర్తొచ్చే సముద్రతీర హోటళ్ళూ వినోద ఉద్యానాలూ రాకముందే, ఆ రాష్ట్రం ప్రపంచానికి అమ్మిన తొలి వింతల్లో ఒకటి నీటి తేటదనం.

వకల్లా పడవలు నడిపినవాళ్ళు చుట్టుపక్కల పల్లెల నల్లజాతి గైడ్లు. లూక్ స్మిత్ వంటివారు ఒక బాణీ కట్టి, పాటలా సాగదీస్తూ, కింద కనిపించే ప్రతిదాన్నీ వర్ణించేవారు. నీళ్ళలో అడ్డంగా పడి ఉన్న ఒక దుంగ దగ్గరికి రాగానే హెన్రీ అనే చేపను కేకేసి పిలిచి, గెంతమని బతిమాలేవారు. ఆ చేప దుంగకు ఒళ్ళు రుద్దుకుంటూ పక్కకు తిరిగి దాటేది, పడవలోని పిల్లలు కేరింతలు కొట్టేవారు. అలాంటి గైడ్ల గొంతులు కొన్ని ఫ్లోరిడా రాష్ట్ర పురాలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. జాతివివక్ష చట్టాలున్న ఆ కాలంలో ఆ ఒడ్డున ఈతకుగానీ అతిథిగృహంలో బసకుగానీ నల్లవారిని రానిచ్చేవారు కాదు. ఆ నీటి గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారికే ఆ నీటిలో దిగే హక్కు లేకపోయింది. ఈ నది కథ చెప్పేటప్పుడు దీన్ని దాటేసి పోవడం నాకు సమ్మతం కాదు.

1986లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలాన్ని కొని పార్కుగా మార్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లోనే నీరు మసకబారుతూ వచ్చింది. గాజు పడవ నడవాలంటే కనీసం 75 అడుగుల దాకా, అంటే దాదాపు 23 మీటర్ల దాకా చూపు ఆనాలని పార్కు పెట్టుకున్న కొలత. ఒకప్పుడు మామూలుగా నడిచిన పడవలు ఈ కొలత అందక రేవులోనే ఉండిపోవడం మొదలైంది. ఏడాదిలో కొద్దిరోజులు నడవడం, ఆ కొద్దిరోజులూ ఒక్కోసారి రాకపోవడం అలవాటైపోయింది. గాజు పడవ ఏ రోజు నడిచింది, ఏ రోజు ఆగింది అని పార్కువాళ్ళు రాసుకున్న లెక్కలే తర్వాత శాస్త్రజ్ఞులకు తేటదనం చరిత్రగా పనికొచ్చాయి. టికెట్ల కోసం రాసుకున్న పుస్తకం నది ఆరోగ్యానికి దినచర్య అయింది.

నీరు మసకబారడం అంటే మనకు వెంటనే తోచేది బురద. గోదావరికి జూలై, ఆగస్టుల్లో వచ్చే ఎర్రనీరు చూసిన కళ్ళు మనవి. ఆ ఎరుపంతా నీటిలో తేలే మట్టిరేణువులే. రెండు మైక్రోమీటర్ల బంకమట్టి రేణువు కదలని నీటిలో ఒక్క మీటరు దిగడానికి మూడు రోజులు పడుతుంది. ఇంకా సన్నవైతే దిగనే దిగవు. వాటన్నిటికీ రుణవిద్యుదావేశం ఉంటుంది కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. మన పెద్దవాళ్ళు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేది అందుకే. ఆ గింజలోంచి వచ్చే పదార్థాలు రేణువుల్ని ఒకచోట చేర్చి ముద్దలు కట్టిస్తాయి, ముద్ద బరువెక్కి అడుక్కి చేరుతుంది, పైన తేటనీరు మిగులుతుంది.

వకల్లా నీటిలో చిల్లగింజ ఎంత కలిపినా లాభం లేదు. ఆ మసక చాలావరకు రేణువులది కాదు, కరిగిపోయిన రంగుది. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో రాలిన ఆకులూ బెరడూ నీళ్ళలో నానితే టానిన్లు దిగుతాయి. టీ ఆకులో ఉండేవీ ఆ కుటుంబానికి చెందినవే. అవి అణువుల స్థాయిలో కరిగి ఉంటాయి కనుక వడగట్టినా, తేర్చినా పోవు. టానిన్ నీటిని గాజు గ్లాసులో పట్టి చూస్తే లేత పసుపు, అంతే. గుండంలో 20 మీటర్ల లోతున అదే నీరు చీకటి.

ఎందుకు? స్వచ్ఛమైన నీరు రంగులేనిది అనుకుంటాం గానీ, అది ఎర్రని వెలుగును మింగుతుంది. అతి తక్కువగా మింగేది నీలాన్ని. లోతు పెరిగేకొద్దీ ఎరుపు, నారింజ, పసుపు వరసగా రాలిపోయి చివరికి నీలం ఒక్కటే మిగులుతుంది. లోతైన తేట ఊటలన్నీ నీలంగా మెరవడానికి కారణం ఇది. టానిన్లు చేసే పని సరిగ్గా దీనికి ఎదురు. అవి అన్నిటికంటే ఎక్కువగా మింగేది నీలాన్నే. నీరు వదిలిపెట్టిన ఒకే ఒక్క కిటికీని టానిన్ మూసేస్తుంది. ఎరుపును నీరే తినేసింది, నీలాన్ని టానిన్ తినేసింది, ఇక అడుగు నుంచి మన కంటికి తిరిగి రావడానికి వెలుగేదీ మిగలదు.

పైగా ఈ నష్టం కూడిక లెక్కన జరగదు, గుణకారంగా జరుగుతుంది. ఒక ఊహాలెక్క చూద్దాం. వెలుగు ప్రతి 10 మీటర్లకూ సగమవుతుందనుకుంటే, 40 మీటర్ల అడుగుకు చేరేసరికి పదహారో వంతు మిగులుతుంది. అక్కడి ఇసుక మీద పడి మళ్ళీ పైకి రావాలంటే ఇంకో 40 మీటర్లు. మొత్తం 256లో ఒక వంతు. మన కన్ను చాలా సమర్థమైనది కాబట్టి ఆ వెలుగుతో బొమ్మ కడుతుంది. ఇప్పుడు నీటిలో కాస్త రంగు చేరి, 10 మీటర్లకు బదులు 5 మీటర్లకే వెలుగు సగమవుతోందనుకుందాం. తిరిగొచ్చేది 256లో ఒక వంతు కాదు, 65,536లో ఒక వంతు. తేటదనం సగానికి తగ్గింది, కనిపించే వెలుగు మాత్రం 256 రెట్లు పడిపోయింది. గాజు పడవ పర్యాటకం కొంచెం కొంచెంగా నీరసపడకుండా ఒక హద్దు దగ్గర తలుపు వేసినట్టు ఆగిపోవడానికి మూలం ఈ గుణకారంలో ఉంది. పైన తేలే పడవ యజమానికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. నీళ్ళు నిరుటికంటే కాస్తే మారాయి, ఆదాయం మొత్తం పోయింది.

ఈ తేటదనాన్ని కొలిచే పరికరం చిత్రంగా ఒక మతాచార్యుడి నుంచి వచ్చింది. 1865లో ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు, జెస్యూట్ ఫాదర్ ఆంజెలో సెక్కి పోప్ గారి ఓడ మీద మధ్యధరా సముద్రంలోకి వెళ్ళి, తెల్లని పళ్ళేన్ని తాడుకు కట్టి నీళ్ళలోకి దించుతూ, అది ఎంత లోతున కనుమరుగవుతుందో నమోదు చేశాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా సరస్సుల తేటదనం కొలిచేది సెక్కి పళ్ళెంతోనే. ఫ్లోరిడా ఊటల దగ్గర దీనికో ఇబ్బంది వచ్చింది. పళ్ళెం కనుమరుగు కాకముందే అడుగుకు తగిలేది. అందుకని ఈతగాళ్ళు పళ్ళేన్ని నిలువుగా పట్టుకుని, నీటిలో అడ్డంగా దూరం జరుగుతూ కొలుస్తారు.

ఇంతకీ ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఊట చుట్టూ అడవి, పార్కు, కంచె. ఒడ్డున ఫ్యాక్టరీ లేదు. ఎడ్వర్డ్ బాల్ నది మీద అడ్డంగా కట్టించిన కంచె పరాయి పడవల్ని కూడా లోపలికి రానివ్వలేదు. అయినా రంగు వచ్చింది, ఎందుకంటే ఈ నదికి ఎగువ అనేది నేల కింద ఉంది. మన అనంతగిరి కొండల్లో గోస్తనీ నది సున్నపురాయిని కరిగించి బొర్రా గుహల్ని తొలిచింది కదా. అలాంటి గుహలే నేల అడుగున, పూర్తిగా నీటితో నిండి, కిలోమీటర్ల కొద్దీ సాగుతున్నాయనుకుంటే అది టాలహాసీకి దక్షిణంగా ఉన్న వుడ్‌విల్ మైదానం. 2007లో ఇద్దరు గుహ ఈతగాళ్ళు టర్నర్ సింక్ అనే బిలంలో దిగి, నీటితో నిండిన సొరంగాల్లో దాదాపు 11 కిలోమీటర్లు ప్రయాణించి, వకల్లా గుండంలో తేలారు.

టాలహాసీకి ఉత్తరాన ఎర్రమట్టి గుట్టలు, పెద్ద చెరువులు. వాటిలో జాక్సన్ సరస్సు ఇంచుమించు పాతికేళ్ళకోసారి అడుగున ఉన్న బిలంలోంచి పూర్తిగా ఇంకిపోతుంది. 1999 సెప్టెంబరులో అలాగే ఖాళీ అయింది. ఇలా బిలాల్లోకి దిగిన నీరు ఎటు పోతుంది? నగరం వాననీటిలో పెద్ద భాగం దిగే మన్సన్ సరస్సు ఏమ్స్ సింక్ అనే బిలంలో మాయమవుతుంది. అందులో రంగు పోసి చూస్తే వకల్లాలో తేలింది. పడమటి అడవుల్లోంచి వచ్చే ఫిషర్ క్రీక్, బ్లాక్ క్రీక్, లాస్ట్ క్రీక్ అనే టీ రంగు వాగులు కూడా ఇలాంటి బిలాల్లోకే దూకుతాయి. సున్నపురాయి వడగడుతుందని మనం నమ్ముతాం. నీరు సన్నని రంధ్రాల్లోంచి చెమ్మగా జారితే ఆ నమ్మకం నిజమే, వకల్లా పూర్వపు తేటదనం అలా వచ్చిందే. బస్సు పట్టేంత సొరంగంలోంచి వచ్చే నీటిని ఏ రాయీ వడగట్టదు.

ఈ కథలో అందరి దృష్టీ పడిన నిందితుడు మాత్రం నైట్రేటు. దానికి తగిన కారణముంది. టాలహాసీ తన మురుగునీటిని శుద్ధిచేసి నగరం ఆగ్నేయాన ఉన్న పొలాల మీద చల్లేది. 1970లలో ఊటనీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఉన్న నైట్రేటు నత్రజని, 1990ల నాటికి దాదాపు ఒక మిల్లీగ్రాముకు చేరింది. తాగునీటికి అమెరికా పెట్టిన హద్దు 10 మిల్లీగ్రాములు కనుక నైట్రేటు వరకు మనిషికి ఆ నీరు క్షేమమే. నదిలోని మొక్కలకు అది విందు. 1997లో హైడ్రిల్లా అనే నీటిమొక్క అక్కడ కనిపించి, చూస్తూండగానే నది మేర అల్లుకుపోయింది. 1950లలో అక్వేరియం వ్యాపారంతో శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు చేరిన మొక్క అది. జన్యుపరీక్షలు దాని మూలాన్ని మన బెంగళూరు వైపు చూపించాయి. మన చెరువుల్లో చేపలకు నీడనిస్తూ ఒక మూల ఉండే మొక్క, అదుపు చేసే శత్రువులు లేని చోట, ఎరువు కలిసిన నీటిలో, ఏం చేయగలదో అక్కడ చేసి చూపించింది.

2002 నుంచి కలుపుమందు పోశారు. హైడ్రిల్లా చచ్చింది, మళ్ళీ మొలిచింది, దానితో పాటు అక్కడి సొంత గడ్డీ దెబ్బతింది. ఆపిల్ నత్తలు తగ్గాయి, వాటినే తిని బతికే లింప్‌కిన్ అనే కొంగలాంటి పక్షి 2000 ప్రాంతంలో వకల్లా విడిచి వెళ్ళింది. పక్షుల కోసం వచ్చే సందర్శకులకు అది పెద్ద లోటు. తర్వాత మానటీలు, అంటే నీటి ఆవులు, చలికాలపు వెచ్చదనం కోసం పెద్దసంఖ్యలో ఊటకు రావడం మొదలుపెట్టి హైడ్రిల్లాను మేసేశాయి. కలుపుమందుతో తేలని పనిని అవి చేసిపెట్టాయి.

నగరం వైపు నుంచీ ఒక మంచి పని జరిగింది. సొరంగాల సంగతి తేల్చడానికి శాస్త్రజ్ఞులు పొలాల దగ్గర బావుల్లో రంగు కలిపితే, రెండు నెలల్లోపే అది 16 కిలోమీటర్ల అవతల వకల్లాలో కనబడింది. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. టాలహాసీ 22 కోట్ల 70 లక్షల డాలర్లు పెట్టి తన శుద్ధికేంద్రాన్ని నత్రజని తీసేలా మార్చింది. ఊటలో నైట్రేటు సగానికి పైగా తగ్గి, 0.4 దగ్గరికి వచ్చింది. రాష్ట్రం పెట్టిన లక్ష్యం 0.35. ఒక నగరం తనకు కనిపించని నది కోసం, తన పన్నుల డబ్బుతో ఇంత చేసిన సందర్భాలు అరుదు. దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

అయినా గాజు పడవలు రేవులోనే ఉండిపోయాయి.

ఇదే నేను ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్న సంగతి. నైట్రేటుకు రంగు లేదు. అది మొక్కలకు మేతగా మారి నదిని పాడుచేస్తుంది గానీ, దానంతట అది వెలుగును మింగదు. నీటి శుభ్రత, నీటి తేటదనం రెండూ వేరువేరు కొలతలు. ఒకదాన్ని బాగుచేస్తే రెండోది దానంతట అదే బాగవుతుందని అందరూ ఆశించారు, ఆశించడం సహజం కూడా. వకల్లా ఊట హితం కోరే సంఘంలో పనిచేసిన షాన్ మెక్‌గ్లిన్ వంటి శాస్త్రజ్ఞులు నీటిని తీసి పరీక్షిస్తే అందులో టానిన్లతో పాటు ఆకుపచ్చ ఛాయ కూడా దొరికింది. అది క్లోరోఫిల్, దాని విచ్ఛిన్న పదార్థాలు. ఊటకు కిలోమీటర్ల దూరాన, ఉత్తరాది సరస్సుల్లో పెరిగిన శైవలాలు బిలాల్లోంచి దిగి, చీకటి సొరంగాల్లో ప్రయాణించి ఇక్కడికి చేరుతున్నాయన్నమాట. గోధుమరంగు నీరు అడవుల నుంచి, పచ్చరంగు నీరు నగర పరిసరాల సరస్సుల నుంచి. ఒకే మసకకు ఇద్దరు యజమానులు.

మరి అడవులూ టానిన్లూ వేల ఏళ్ళుగా ఉన్నవే కదా, ఇప్పుడెందుకు పెరిగింది? ఈ ప్రశ్నకు దొరికిన సమాధానం ఈ కథ మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది. వకల్లాకు దక్షిణాన, గల్ఫ్ ఒడ్డున, సముద్రపు నీటి అడుగునే స్ప్రింగ్ క్రీక్ అనే ఊటల గుంపు ఉంది. లాస్ట్ క్రీక్‌లోని నల్లనీరు మామూలుగా సొరంగాల్లోంచి అటు పోయి సముద్రంలో కలుస్తుంది. వానలు తగ్గి భూగర్భజలాల ఒత్తిడి పడిపోయినప్పుడు సముద్రం గెలుస్తుంది. ఉప్పునీరు ఆ ఊటల నోళ్ళలోంచి వెనక్కి, సొరంగాల్లోకి చొరబడుతుంది. ఉప్పునీరు బరువైనది కనుక బిరడాలా కూర్చుంటుంది. తర్వాత వాన కురిసి లాస్ట్ క్రీక్ పొంగినా, ఆ నీటికి సముద్రం వైపు దారి మూసుకుపోయి ఉంటుంది. అది ఉత్తరానికి తిరిగి వకల్లాలో తేలుతుంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు 2014లో ఈ మార్పిడిని లెక్కలతో వివరించారు. అనేక ఊటల్లో నీరు తగ్గుతున్న రాష్ట్రంలో వకల్లా ప్రవాహం దశాబ్దాల మీద పెరుగుతూ వచ్చింది. ఆ పెరుగుదలలో కొంత ఇలా దారితప్పి వచ్చిన నీరు. సముద్రమట్టం పెరిగేకొద్దీ బిరడా బిగవడానికి అంతంత పెద్ద అనావృష్టి అక్కర్లేదు. గ్రీన్‌లాండ్ మంచు కరగడానికీ, ఫ్లోరిడా అడవిలో ఒక గాజు పడవ ఆగిపోవడానికీ మధ్య నిజమైన, కొలవదగిన సంబంధం ఇది.

పర్యాటకం సంగతికి వద్దాం. 2003లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మార్క్ బాన్, ఫ్రెడరిక్ బెల్ రాష్ట్రంలోని నాలుగు ఊటల ఆర్థిక ప్రభావాన్ని లెక్కగట్టారు. వకల్లా సందర్శకుల వల్ల స్థానికంగా ఏటా దాదాపు 2 కోట్ల 20 లక్షల డాలర్ల ఖర్చు జరుగుతోందని తేలింది. హోటలు, భోజనం, పెట్రోలు, పార్కు రుసుము అన్నీ కలిపి. పెద్ద పరిశ్రమలు లేని ఒక చిన్న కౌంటీకి అది చిన్న మొత్తం కాదు. మసకబారిన తర్వాత జనం రావడం మానేశారా అంటే, లేదు. ఈతకొస్తారు, అతిథిగృహంలో దిగుతారు, నది మీద మామూలు పడవల్లో మొసళ్ళనూ, తాబేళ్ళనూ, పక్షులనూ, మానటీలనూ చూస్తారు. పోయింది ఒక రకం చూపు. కిందికి చూసే పర్యాటకం పోయి పక్కకు చూసే పర్యాటకం మిగిలింది. సందర్శకుల సంఖ్య లెక్కించే పట్టికలో ఈ తేడా కనబడదు. పక్కకు చూసే నదులు ఆ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. పన్నెండంతస్తుల లోతు కిందికి చూడనిచ్చే ఊటలు ఎన్నో లేవు. ఏ ప్రత్యేకత వల్ల ఒక ఊరు మిగతా ఊళ్ళకంటే వేరైందో అది పోతే, ఆ ఊరు వందమందిలో ఒకరిగా పోటీపడాల్సి వస్తుంది.

ఈ తేడా మన నదులకూ వర్తిస్తుంది. పాపికొండల విహారంలో జనం కొండల్నీ, మలుపుల్నీ, ఒడ్డునున్న అడవినీ చూస్తారు. వరద కాలంలో పడవలు ఆపేది భద్రత కోసం, నీటి రంగు కోసం కాదు. గోదావరి ఎర్రబడిందని ఎవరూ నిరాశపడరు, కొత్తనీరు వచ్చిందని సంతోషిస్తారు. ఆ పర్యాటకం తేటదనం మీద ఆధారపడింది కాదు. మేఘాలయలో డాకీ దగ్గర ఉమ్‌గోట్ నది సంగతి వేరు. పడవ గాలిలో తేలుతున్నట్టు, దాని నీడ అడుగున రాళ్ళ మీద పడినట్టు కనిపించే ఫొటోల కోసమే దేశం నలుమూలల నుంచి, మన హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ కూడా, అక్కడికి జనం వెళుతున్నారు. వర్షాకాలంలో అదీ బురదగానే పారుతుంది. చలికాలపు కొద్దినెలల తేటనీరే ష్నాంగ్‌ప్‌డెంగ్ వంటి ఊళ్ళ పడవలవాళ్ళకు ఏడాది సంపాదన. ఎగువన కొండ తవ్విన మట్టి ఆ కొద్దినెలల్లో వాగుల్లో పడితే, ఏడాది మొత్తం మీద నది సగటు నాణ్యత పెద్దగా మారకపోయినా వాళ్ళ సంవత్సరం పోయినట్టే. అందుకే అలాంటి నదుల విషయంలో సగటులు చూసి అనుమతులివ్వడం తప్పని నా అభిప్రాయం. చూడాల్సింది ఏ నెలలో, ఏ రోజుల్లో అన్నది.

తేటదనాన్ని ఆరోగ్యమని పొరబడే ప్రమాదమూ అదే రాష్ట్రంలో ఉంది. జైంతియా కొండల్లో లూఖా నది చలికాలంలో కళ్ళు చెదిరే నీలంగా మారుతుంది. ఫొటోకు ఎంతో అందం. బొగ్గు గనుల ఆమ్లజలాలు చేరి అందులో చేపలు చచ్చిపోయాయి. ఆమ్లనీటిలో శైవలాలు బతకవు, మట్టి రేణువులు ముద్దకట్టి దిగిపోతాయి, నీరు అద్దంలా మెరుస్తుంది. పర్యాటకుడి కన్ను వకల్లాలో చేపలు బతికే నీటిని చూసి మురికి అంటుంది, లూఖాలో చేప బతకని నీటిని చూసి స్వచ్ఛం అంటుంది. ఆ కన్నును తప్పుపట్టలేం. నిర్ణయాలు తీసుకునే అధికారులు మాత్రం ఆ ఒక్క కన్నుతో చూడకూడదు.

వకల్లాలో ఇక చేయగలిగినవి మూడు తీరులు. నైట్రేటులో ఇప్పుడు మిగిలిన భాగానికి పెద్ద మూలం ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు. వాటిని మురుగు కాలువలకు కలిపే పని ఇంటింటికీ డబ్బుతో ముడిపడిన పని, నెమ్మదిగా నడుస్తుంది. పచ్చరంగు కోసం టాలహాసీ వాననీటినీ, మన్సన్, జాక్సన్ వంటి సరస్సుల్లోకి చేరే భాస్వరాన్నీ అదుపు చేయాలి. అది నగరం చేతిలో ఉంది. మూడోది, గోధుమరంగు, అడవిలో సహజంగా పుట్టి సముద్రం తోసేసిన దారిన వచ్చేది. దాన్ని ఆపే పరికరం ఏదీ లేదు. చేయగలిగిందల్లా భూగర్భజలాల్ని తోడటం తగ్గించి, లోపలి ఒత్తిడి పడిపోకుండా కాపాడి, ఉప్పునీటి బిరడా తరచుగా బిగుసుకోకుండా చూడటం. అందుకు ఊట చుట్టూ ఉన్న పార్కుకు అధికారం చాలదు. ఉత్తరాన జార్జియా సరిహద్దు అవతలి పొలాల దాకా విస్తరించిన భూగర్భ పరీవాహక ప్రాంతం మొత్తం ఒక మాట మీదికి రావాలి.